వాడ మనది, దస్తూరి ఎవరిది? - ప్రాజెక్టు ప్రపోజల్ మీద ఒక విమర్శ

దళితుల గురించి ఎవరెవరు ఏమేం రాశారో మనం కవిత్వంలో వెతికాం, కథలో వెతికాం, నవలలో వెతికాం. ఆధిపత్య కులాల రచయితలు మాల మాదిగ పాత్రలను ఎట్లా మలిచారో విప్పి చూపాం. అది అవసరమైన పనే. కానీ దశాబ్దాలుగా దళితవాడ గురించి ఎడతెగకుండా రాస్తున్న ఒక ప్రక్రియను మన విమర్శ పెద్దగా పట్టించుకోలేదు. అది స్వచ్ఛంద సంస్థలు రాసే ప్రాజెక్టు ప్రపోజల్. దానికి అసలు పాఠకుడు ఒక్కడే - డబ్బిచ్చేవాడు. అందులో పాత్రలు మాత్రం వందల మంది. ఆ పాత్రల్లో దాన్ని చదివినవాళ్లు ఎంతమంది? తమ గురించి ఏం రాశారో తెలియకుండానే వాడలకు వాడలు ఫైళ్లలోకి ఎక్కాయి. అందుకే దీన్ని ఉత్త కాగితం అని వదిలెయ్యలేం. ఒక రచనను చదివినట్టే చదవాలి. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏం చెప్పారు, ఏం దాచారు అని అడగాలి.

ఈ చదువును గాలిలో కాకుండా ఒక చోట నిలబడి చేద్దాం. పాలమూరులోని కొత్తకోటను తీసుకుందాం. హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే జాతీయ రహదారి మీది ఊరు. ఒకప్పటి వనపర్తి సంస్థానం ప్రాంతం. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఆ తర్వాత వనపర్తి జిల్లా. 2018లో మున్సిపాలిటీ అయింది. పక్కనే సరళాసాగర్. సైఫన్ పద్ధతిలో తనంతట తానే నీళ్లు వదిలే కట్టగా దానికి పేరు. 1959లో పూర్తయిన ఆ ప్రాజెక్టు కట్ట 2019 డిసెంబరు 31న తెగింది. ఈ నేలకు ‘కరువు జిల్లా’ అని పేరు. ఇక్కడి మనుషులకు ‘పాలమూరు లేబర్’ అని పేరు. దేశంలోని ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినవాళ్లు వీళ్లు. 2011 జనాభా లెక్కల నాటికి అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో అక్షరాస్యత అన్నిటికన్నా తక్కువ మహబూబ్‌నగర్‌లోనే, 55 శాతం. ప్రపోజల్ రాసేవాడికి ఇంతకన్నా మంచి ముడిసరుకు ఏం కావాలి?

ఇట్లాంటి ప్రాంతం మీద రాసే ప్రపోజల్‌కు ఒక మూస ఉంది. ముందు ప్రాంత పరిచయం. తర్వాత సమస్య. ఆ తర్వాత లక్ష్యాలు, టార్గెట్ గ్రూపు, చేసే పనులు, ఫలితాలు, బడ్జెటు, చివర సస్టైనబిలిటీ. సమస్య అన్న భాగంలో మొదటి వాక్యం సాధారణంగా వాన మీద ఉంటుంది. వాన పడదు, పంట పండదు, అందుకని వలస పోతారు. రెండో వాక్యం చదువు మీద. చదువు లేదు కాబట్టి మోసపోతారు. మూడో వాక్యం తాగుడు మీద, మూఢనమ్మకం మీద. ఈ మూడు వాక్యాలూ పూర్తిగా అబద్ధం కావు. వాటి వరుసే అబద్ధం. ఈ వరుసలో కరువుకు కారణం ఆకాశం, పేదరికానికి కారణం పేదవాడు. నడుమ ఉండాల్సిన మనిషి మాయమైపోయాడు. అడ్వాన్సు ఇచ్చి మనుషుల్ని పట్టుకుపోయే గుంపు మేస్త్రీ లేడు, అతని వెనక ఉన్న కాంట్రాక్టరు లేడు, జీతగాణ్ని పెట్టుకున్న దొర లేడు. వాన అందరి మీదా కురవలేదు. మరి తట్ట నెత్తిన పెట్టుకొని పోయినవాళ్లలో మాల మాదిగలు, వెనుకబడిన కులాలవాళ్లే ఎందుకు ఎక్కువ? సరళాసాగర్ కింద తడిసే భూమిలో మాల మాదిగల పట్టా ఎంత? ఈ ప్రశ్న వేస్తే ‘సమస్య’ భాగం మొత్తం తిరగరాయాల్సి వస్తుంది.

ఇది కొత్త గొడవ కాదు. 1932లోనే అంబేడ్కర్ దీన్ని తేల్చాడు. పూనా ఒప్పందం వెంటనే, ఆ ఏడాది సెప్టెంబరు 30న, అస్పృశ్యతా వ్యతిరేక సంఘం పుట్టింది. అధ్యక్షుడు ఘనశ్యామ్ దాస్ బిర్లా, కార్యదర్శి ఠక్కర్. అదే తర్వాత హరిజన సేవక్ సంఘ్ అయింది. లండన్‌కు ఓడలో పోతూ నవంబరు 14న అంబేడ్కర్ ఠక్కర్‌కు ఒక ఉత్తరం రాశాడు. అందులో సారాంశం ఇది. అణగారినవాళ్ల కోసం పనిచేసేవాళ్లలో రెండు దారులున్నాయి. ఒక దారి మనిషి దుస్థితికి అతని నడవడే కారణమనుకుంటుంది. కాబట్టి మద్యపాన నిషేధం, వ్యాయామం, లైబ్రరీ, బడి అని పని మొదలుపెడుతుంది. రెండో దారి అతని చుట్టూ ఉన్న సామాజిక పరిస్థితే కారణమంటుంది. కాబట్టి బావి, బడి, బండి, ఊరి చావడి అందరివీ అయ్యేదాకా పౌరహక్కుల కోసం పోరాడమంటుంది. సంఘం తన శక్తిని రెండో దారిలో పెట్టాలని ఆయన కోరాడు. పనిచేసేవాళ్లను అణగారిన వర్గాల నుంచి తీసుకోవాలన్నాడు. ఆ ఉత్తరం అందిందన్న జవాబు కూడా రాలేదని 1945లో వచ్చిన తన పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు.

తర్వాత ఏమైందో కూడా ఆ పుస్తకమే చెబుతుంది. నిర్వహణలో మాకూ చోటు కావాలని అంటరానివాళ్లు అడిగితే, ఇది సవర్ణులు తమ పాపానికి చేసుకునే ప్రాయశ్చిత్తం, ఇందులో మీకు పెత్తనం ఎందుకన్న వాదన ఎదురైంది. సంస్థ ఒకరిది, డబ్బు ఒకరిది, పుణ్యం ఒకరిది, కష్టం మాత్రం మనది. మనం ఇవాళ ప్రపోజల్ అంటున్న రచనకు మన వైపు నుంచి వచ్చిన తొలి గట్టి విమర్శ ఆ ఉత్తరమే అని మేం అనుకుంటున్నాం. దాన్ని చదివినవాళ్లకు నేటి ‘సమస్య’ భాగం పాత వాసనే కొడుతుంది.

ఇక మాటల సంగతి. ప్రపోజల్‌లో మాదిగ అన్న మాట అరుదు. ‘బలహీన వర్గాలు’, ‘నిరుపేదలు’, ‘అట్టడుగు సముదాయాలు’ అంటారు. బలహీనులు అంటే పుట్టుకతోనే బలం లేనివాళ్లన్నట్టు. బలం ఎవరు తీశారో ఆ మాట చెప్పదు. ‘లబ్ధిదారుడు’ అంటారు. జీవితమంతా పనిచేసి ఊరికి లబ్ధి చేకూర్చినవాడు లబ్ధిదారుడెట్లా అయ్యాడు? ‘కెపాసిటీ బిల్డింగ్’ అంటారు. కాలువలు తవ్వినవాడికి లేని కెపాసిటీ ఏదో! ‘స్టేక్ హోల్డర్ల సమావేశం’ అంటారు. ఆ వరుసలో పట్టేదారూ ఉంటాడు, అతని దగ్గర జీతం ఉన్నవాడూ ఉంటాడు. ఇద్దరికీ ఒకే చాప, ఒకే చాయ్. సమావేశం అయిపోగానే ఇద్దరూ వేరువేరు గ్లాసుల ఊరికే తిరిగి పోతారు.

ఈ భాష గాలిలోంచి రాలేదు. దానికో చట్రం ఉంది, లాజికల్ ఫ్రేమ్‌వర్క్. వాడుకలో లాగ్‌ఫ్రేమ్ అంటారు. 1969లో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యుఎస్‌ఎయిడ్ కోసం తయారైంది. తర్వాత ఐరోపా దాతలూ దాన్ని తలకెత్తుకున్నారు. నాలుగు అడ్డ గళ్లు, నాలుగు నిలువు గళ్లు. ఏం సాధిస్తారు, దాన్ని ఎట్లా కొలుస్తారు, రుజువు ఎక్కడ దొరుకుతుంది, చివరి గడిలో ‘అనుకోలు’, అంటే మన చేతిలో లేనివి, అవి అట్లాగే ఉంటాయని మనం నమ్ముకునేవి. వానలు సరిగా పడతాయి, ప్రభుత్వ విధానం మారదు, గ్రామస్థుల సహకారం ఉంటుంది - ఇట్లాంటివి ఆ గడిలోకి పోతాయి. మిత్రులు ఈ గడిని జాగ్రత్తగా చూడాలి. గ్రామస్థుల సహకారం అంటే ఏమిటి? ఊరి పెద్ద కులం అడ్డురాకపోవడం. అంటే కులం ఈ చట్రంలో సమస్య గడిలో లేదు, పని గడిలో లేదు, అనుకోలు గడిలో వానతో పాటు కూచుంది. వానను ఎవరూ మార్చలేరు కదా. కులం కూడా అంతే అన్నమాట! ప్రపోజల్ చేసే అసలు రాజకీయం ఈ గడిలో ఉంది. అక్కడికి తోసేసినదాన్ని ముట్టుకోబోమని సంస్థ ముందే సంతకం పెట్టినట్టే.

పెద్ద పథకాలకూ ఇది వర్తిస్తుంది. బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో 1999లో మొదలైన గ్రామీణ జీవనోపాధుల ప్రాజెక్టు అయిదు కరువు జిల్లాల్లో నడిచింది - మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు, అనంతపురం, ప్రకాశం. దాని పునాది వాటర్‌షెడ్. వాటర్‌షెడ్ అంటే వాన నీటిని నేలలో ఇంకించడం. మంచిదే. కానీ నీరు ఎవరి నేలలో ఇంకుతుంది? కట్ట వేసినప్పుడు మట్టి మోసింది భూమి లేనివాళ్లు, వాళ్లకు దక్కింది కొన్నాళ్ల కూలి. బావిలో పెరిగిన నీరు బావి ఉన్నవాడికే. ఈ లోపం ఆ ప్రాజెక్టు రాసినవాళ్లకూ తెలుసు. అందుకే ‘వాటర్‌షెడ్ ప్లస్’ అని ఒక మాట తెచ్చి, భూమి లేనివాళ్ల జీవనోపాధికి వేరే పద్దు పెట్టారు. పద్దు పెట్టడం ఒక అడుగే. కానీ ఆ మాటను గమనించండి. భూమి ఉన్నవాడు వాటర్‌షెడ్, భూమి లేనివాడు ప్లస్. ఊరు, ఊరి బయట వాడ అన్న పాత పటమే కొత్త కాగితం మీద గీసినట్టుంది.

భూమి అన్న ప్రశ్న వచ్చినచోట ప్రపోజల్ బర్రెను చూపిస్తుంది. బర్రె, గొర్రె, కుట్టుమిషన్. బర్రెను ఇస్తారు సరే, మేపేది ఎక్కడ? గడ్డి ఎవరి గట్టు మీద? ఈ రాష్ట్రంలో 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. పేదలకు పంచిన భూమి పరాయి చేతుల్లో పడితే తిరిగి ఇప్పించే అధికారం ఆ చట్టంలో రాసి ఉంది. వాడలో ఎవరికి ఏ సర్వే నంబరులో పట్టా వచ్చింది, ఆ భూమి ఇప్పుడు ఎవరు దున్నుతున్నారు అని రాస్తే అది ప్రపోజల్ కాదు, దావా అవుతుంది. దావాకు ఫండింగ్ దొరకడం కష్టం. బర్రెకు దొరుకుతుంది.

ఫొటో గురించి కూడా చెప్పాలి. ప్రపోజల్ అట్ట మీద ఒక మొహం ఉంటుంది. నల్లగొండ అయితే ఫ్లోరైడ్‌తో వంగిపోయిన కాళ్లు, పాలమూరు అయితే మూట నెత్తిన పెట్టుకున్న తల్లి, లేదంటే జోగిని. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. ఆ ఆడబిడ్డల్ని అట్ట మీద అచ్చువేసినవాళ్లు, ఆ ఆచారంతో లాభపడ్డ మగవాళ్ల ఫొటో ఎన్నడైనా వేశారా? బాధ పడినవాళ్ల మొహమే కనిపిస్తుంది, బాధ పెట్టినవాళ్ల మొహం కనిపించదు. అట్లాగే మన పనితనమూ కనిపించదు. కొత్తకోటకు దగ్గర్లోనే కురుమూర్తి జాతర. ఆ దేవుడి ఉద్దాలను, అంటే పాదరక్షల్ని, చిన్నవడ్డెమాన్‌లో మాదిగలు నిష్ఠతో తయారు చేస్తారు. ఉద్దాల ఉత్సవమే ఆ జాతరలో పెద్ద ఘట్టం. తోలును చెప్పుగా, చెప్పును పూజావస్తువుగా మలిచే చేతుల్ని ప్రపోజల్ ఏ గడిలో రాస్తుంది? ‘నైపుణ్యం లేని కూలీలు’ అన్న గడిలో. తర్వాత నైపుణ్య శిక్షణకు బడ్జెటు అడుగుతుంది.

కాలం లెక్క ఇంకొకటి. ప్రపోజల్‌కు గడువు మామూలుగా మూడేళ్లు. మూడేళ్లలో చైతన్యం రావాలి, ఫలితం కొలవాలి, సంస్థ తప్పుకోవాలి. చుండూరును గుర్తు చేసుకుందాం. 1991 ఆగస్టు 6న హత్యాకాండ. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు కావాలని కొట్లాడి సాధించుకున్నారు. తీర్పు వచ్చింది 2007లో, పదహారేళ్లకు. ఆ శిక్షల్ని హైకోర్టు 2014లో కొట్టేసింది. ఈ పోరాటాన్ని ఏ గడువులో పెడతారు? రెండో ఏడాది చివర ఏ సూచికతో కొలుస్తారు? పదహారేళ్లు సాక్షులు బెదరకుండా నిలబడ్డారే, అదీ సస్టైనబిలిటీ. దాన్ని నిలబెట్టింది వాడ.

ఇప్పుడు డబ్బు వచ్చే దారులే మారిపోయాయి. విదేశీ విరాళాల చట్టం 1976లో ఎమర్జెన్సీ కాలంలో పుట్టింది, 2010లో కొత్త చట్టమయింది. 2020 సవరణ దాని గొంతు ఇంకా బిగించింది. విదేశీ డబ్బు తీసుకున్న సంస్థ అందులోంచి ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. ఆఫీసు ఖర్చు అంతకుముందు సగం దాకా ఉండొచ్చు, ఇప్పుడు 20 శాతం దాటకూడదు. డబ్బు ముందుగా ఢిల్లీలోని ఒకే ఒక్క బ్యాంకు శాఖలో పడాలి. ఆఫీసు ఖర్చు తగ్గితే మంచిదే కదా అని కొందరు అంటారు. కానీ లెక్కలు రాసే మనిషికి జీతం, ఆడిటుకు ఫీజు రెండు లక్షల సంస్థకూ తప్పవు, రెండు కోట్ల సంస్థకూ తప్పవు. శాతం లెక్కలో పెద్ద సంస్థ బతుకుతుంది, చిన్నది చస్తుంది. ఒకప్పుడు హైదరాబాద్‌లోని సంస్థ తన గ్రాంటులోంచి మండలంలోని చిన్న దళిత సంఘానికి కొంత పంచేది. ఆ దారి మూసుకుపోయింది. ఇక ఆ చిన్న సంఘం పెద్ద సంస్థకు ఫీల్డ్ స్టాఫ్‌గా మారాలి, లేదా డబ్బు లేకుండా నిలబడాలి.

రెండో దారి కంపెనీలది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఏయే పనులకో ఏడో షెడ్యూలులో ఉంది. షెడ్యూల్డ్ కులాల పేరు అందులో వచ్చేది కేంద్ర ప్రభుత్వ నిధికి చందా ఇచ్చే అంశంలో. మిగతా చోట ‘సామాజికంగా ఆర్థికంగా వెనుకబడిన’ అన్న గుంపు మాటే. కంపెనీకి గోడ మీద పేరు రాసుకునేందుకు వీలున్న పని కావాలి. తరగతి గది, నీళ్ల ట్యాంకు, టాయిలెట్. ట్యాంకు కట్టొచ్చు. ఆ ట్యాంకు దగ్గర ఎవరు ముందు బిందె పెట్టాలన్న ప్రశ్న మీద ఎవరి పేరూ చెక్కలేం.

ఇదంతా చదివి, అయితే ఎన్జీవోల డబ్బు ముట్టొద్దంటారా అని అడగొచ్చు. అట్లా అనం. ఎన్జీవో డబ్బు తాకితే ఉద్యమం చెడిపోతుందని ఎర్రజెండా మిత్రులు చాలాకాలంగా అంటున్నారు. వాళ్ల హెచ్చరికలో నిజం ఉంది. దాతకు జవాబు చెప్పడం అలవాటైన నాయకుడు వాడకు జవాబు చెప్పడం మరిచిపోతాడు. కానీ ఆ మాటలో కొంచెం మడి వాసన కూడా ఉంది. తాతల భూమి మీద, తండ్రుల ఉద్యోగం మీద నిలబడి ఉద్యమం చేసేవాడికి చేతులు శుభ్రంగా ఉంచుకోవడం తేలిక. పూట కూలితో బతికే కార్యకర్తకు బస్సు చార్జీ ఎవరివ్వాలి? 1998లో మొదలైన దళిత మానవహక్కుల జాతీయ ప్రచారోద్యమం, 2001లో డర్బన్ సదస్సులో కులాన్ని ప్రపంచం ముందు పెట్టిన ప్రయత్నం - వీటిలో సంస్థల పాత్రను కాదనలేం.

మన చరిత్రలోనూ వేరే రకం దారి ఉంది. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి పెట్టాడు, 1910 నుంచి హైదరాబాద్‌లో మన పిల్లలకు బడులు తెరిచాడు. జోగిని ఆచారం మీద మనవాళ్లతోనే పోరు పెట్టాడు. చందా ఎవరిదైనా, నడిపింది మనం, మాట మనది. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత మహిళలే కెమెరా పట్టారు, 2008లో మాచునూరులో రేడియో నడిపారు. సంస్థ పెట్టినవాళ్లు ఎవరన్న ప్రశ్న అట్లా ఉంచితే, తమ పంటల గురించి తమ నోటితో చెప్పుకున్నారు. చెప్పేవాడు మారితే చెప్పే సంగతి మారుతుందనడానికి అది ఒక సాక్ష్యం.

అంబేడ్కర్ కూడా సర్కారు నుంచి డబ్బు అడిగాడు. 1942 అక్టోబరులో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో షెడ్యూల్డ్ కులాల ఫిర్యాదులన్నీ లెక్కలతో పెట్టాడు. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆ ఒత్తిడి ఫలమే. మాలాంటి మొదటి తరం చదువరులు యూనివర్సిటీ గడప తొక్కింది దాని మీదనే. ఆ పత్రానికీ నేటి ప్రపోజల్‌కీ తేడా ఒక్కటే. అక్కడ అడిగినవాడు చెయ్యి చాపలేదు, బాకీ అడిగాడు. తెలంగాణ జనాభాలో షెడ్యూల్డ్ కులాలు 2011 లెక్కల ప్రకారం 15.45 శాతం. ఆ నిష్పత్తిలో బడ్జెటు వాటా ఇవ్వాలని 2013లో సబ్‌ప్లాన్ చట్టం, 2017లో తెలంగాణ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చాయి. ఏడాదికి అయిదు లక్షల గ్రాంటు కోసం యాభై పేజీలు రాసే మన యువకులు, తమ మండలంలో ఆ నిధి ఎక్కడ ఖర్చయిందో అడుగుతూ అర పేజీ సమాచార హక్కు దరఖాస్తు రాస్తున్నారా?

కాబట్టి రాయడం మానొద్దు, రాత మార్చాలి. కొత్తకోట లాంటి చోట చదువుకున్న పిల్లలకు ఊరు ముందుగా ఇచ్చే పని కాగితం రాసిపెట్టడమే. ఆ పనిలో కొన్ని నియమాలు పెట్టుకోవచ్చు. ప్రపోజల్ ముందు తెలుగులో రాయాలి. దాన్ని వాడలో అందరి ముందు పైకి చదవాలి. తన గురించి రాసిన వాక్యం విని ఎవరైనా ‘ఇది మేం కాదు’ అంటే ఆ వాక్యం కొట్టెయ్యాలి. కులం పేరు, భూమి సర్వే నంబరు, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు సమస్య భాగంలోనే రాయాలి. ఊరి పెద్దల అడ్డంకిని అనుకోలు గడిలోంచి లాగి, ఎదుర్కోవాల్సిన పనిగా పని గడిలో పెట్టాలి. బడ్జెటు కాగితం వాడ గోడ మీద అంటించాలి. ఫొటో పెట్టాలంటే ఆ మనిషిని అడిగి, పేరు పెట్టాలా వద్దా అన్నదీ ఆ మనిషినే తేల్చమనాలి. డబ్బు ఆగిపోయిన రోజు ఏ పని ఆగకూడదో సంఘమే ముందు తీర్మానం చేసుకోవాలి. ఆ పనికి గ్రాంటు పైసా వాడకుండా ఇంటింటి చందా మీద నడపాలి.

ఇట్లా రాస్తే ఫండ్ రాదేమో అంటారు. కొన్నిసార్లు రాదు. అప్పుడు కూడా మన చేతిలో ఒక కాగితం మిగులుతుంది. ఎవరి భూమి ఎవరి దగ్గరున్నదో, ఎవరి కూలి ఎవరు ఎగ్గొట్టారో మన దస్తూరితో రాసిన కాగితం. డబ్బిచ్చేవాడు దాన్ని తిప్పి పంపితే, అదే కాగితాన్ని తహసీల్దారు ఆఫీసుకు పట్టుకుపోవచ్చు. పాత ప్రపోజల్‌తో ఆ పని జరగదు.